తడి దుప్పటి కింద గంటసేపు

పోయిన వేసవిలో మా ఎదురింటి వాళ్లు చప్పిడి ముక్కు కుక్కను ఒకదాన్ని కొనుక్కొచ్చారు. రాయచోటి ఎండల్లో దాన్ని మేడమీద రేకుల కింద కట్టేసి, గిన్నెడు నీళ్లు పెట్టి, ఇంటిల్లిపాదీ పెళ్లికి పోయారు. మధ్యాహ్నానికి దాని రొప్పు వీధిలోకి వినబడసాగింది. ఎండలో పది నిమిషాలు నిలబడితే నాకే కళ్లు తిరుగుతాయి. అయినా గోడ పట్టుకుని మెట్లెక్కి, దాన్ని విప్పుకొచ్చి, మా స్నానాలగదిలో పడుకోబెట్టి నీళ్లు పోస్తూ విసురుతూ కూర్చున్నాను. సాయంత్రం వచ్చిన ఆ ఇంటావిడ "ఏందక్కా, కుక్కలకు గూడా వడదెబ్బ తగుల్తాదా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినవి నాలుగు అన్నాను. అన్నాక కూడా మంట తగ్గలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే మంచిదే. పనికి రాకపోతే నా మంటైనా తగ్గుతుంది.

1990 జూలై

కువైట్‌లో సాల్మియాలో, సముద్రానికి రెండు వీధుల వెనక, మా కఫీల్ ఇల్లు, అంటే మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిది. నేను ఇంటిపనికి ఉండేదాన్ని. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. మా ఆయన ఊళ్లో ఉండి సేద్యం చూసుకునేవాడు. వంటకు సత్తిబాబు గారని అమలాపురం వైపు మనిషి, యాభై దాటినవాడు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే ప్రాణులం మేమిద్దరమే. నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. నేను వంటింట్లో ఒంటరిగా ఉంటే ఆయన గుమ్మం బయటే దగ్గి, నేను పలికాకే లోపలికి వచ్చేవాడు. అంత మర్యాదస్తుడు.

మూడో ప్రాణి మిష్మిష్. అరబ్బీలో ఆప్రికాట్ పండు పేరు అది, ఆల్‌బుకరాకు చుట్టం. ఆ పండు రంగులో ఉండేది కుక్క. కఫీల్‌ను బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్లం, ఆమె కూతురు దాన్ని లండన్ నుంచి తెచ్చింది. ముక్కు ముఖంలోకి నొక్కేసినట్టు ఉండేది. మేలుకుని ఉన్నా గురక పెట్టేది. వేసవికి కుటుంబమంతా లండన్ పోతూ, మామా నన్ను సోఫా ముందు నిలబెట్టి అరగంట పాఠం చెప్పింది.

"రమణా, ముక్కు పొట్టిదైతే ఒక ప్రమాదం. లావైతే రెండో ప్రమాదం. వయసైతే మూడో ప్రమాదం. దీనికి మూడూ ఉన్నాయి, విన్నావా?"

"విన్నా మామా."

కుక్కకు మనలాగా ఒంటినిండా చెమట పట్టదు, నోటితో రొప్పే చల్లబడాలి, పొట్టిముక్కు దానికి ఆ రొప్పడమే సరిగ్గా రాదు అని చెప్పింది. పొద్దెక్కాక బయటికి తీసుకుపోకూడదు. పోయేముందు అరచేయి నేలమీద ఆనించి చూడాలి, నా చేయి ఓర్చుకోలేని నేలమీద దాని కాలు పెట్టనీయకూడదు. పూటపూటకూ పెదవి ఎత్తి చిగుళ్లు చూడాలి. లేత ఎరుపు ఉంటే సరే. ఇటుక రంగుకు తిరిగినా, చొంగ జిగురుగా సాగినా, నడక తూలినా ఆలస్యం చేయకూడదు. ఇవన్నీ నాతో రెండుసార్లు ఒప్పజెప్పించుకుంది. మేడమీది నా గదిలో ఏసీ చెడిపోయి రెండేళ్లయింది. దాని సంగతి ఎత్తలేదు. కుక్క చల్లగా ఉండాలి కాబట్టి నేను దానికి తోడుగా కింద హాల్లో పడుకోవచ్చంది. ఆ జూలై అంతా కుక్క పుణ్యాన నాకు ఒంటికి హాయిగా నిద్రపట్టింది.

ఆగస్టు

రెండో తేదీ తెల్లవారి సత్తిబాబు చిన్నాయన గుమ్మంలో దగ్గకుండా లోపలికి వచ్చాడు. అప్పుడే నాకు ఏదో జరిగిందని తెలిసింది.

"ఇరాకోళ్లు వచ్చేశారంటమ్మా. వీధి చివర ట్యాంకులున్నాయి. నువ్వు కిటికీ దగ్గరికెళ్లకు, ఏం?"

ఆ తరువాత సంగతులు చాలామంది చెప్పారు, మళ్లీ నేను చెప్పను. విదేశాలకు ఫోన్లు పోయాయి. మామా వాళ్లు లండన్‌లోనే ఉండిపోయారు. మా పాస్‌పోర్టులు బాబా బీరువాలో, తాళాలు బాబా దగ్గర. మిష్మిష్ మాత్రం ఏమీ ఎరగకుండా ఏసీ కింద వెల్లకిలా పడుకునేది. దాన్ని చూస్తే ఒకోసారి తన్నబుద్ధేసేది. తన్నలేదు.

మూడోవారంలో సైనికులు ఇంట్లోకి వచ్చారు. చిన్నాయన టీ కాచి ఇచ్చాడు. తాగి, కప్పులు బల్లమీద పెట్టి, టీవీ, తివాచీలు, ఫ్రిజ్జు, గోడల్లోంచి పెరికిన ఏసీలు, అన్నీ లారీకెక్కించుకుని పోయారు. గోడలకు మిగిలిన కంతల్లోంచి మేము వీధికి కనబడకుండా చిన్నాయన అట్టలు, పలకలు కొట్టి మూసేశాడు. కిటికీలకు దుప్పట్లు కట్టాడు. ఆగస్టులో సముద్రం పక్కన గాలి ఉడికించిన గుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. మూసిన ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. కుళాయి తిప్పితే మిద్దెమీది ట్యాంకు నీళ్లు చేయి కాలేటట్టు వచ్చేవి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు తెలుసు, వేసవిలో గీజరు ఆపేసి, ఇంట్లో నీడపట్టున ఉన్న ఆ గీజరులోని నీళ్లనే చల్లనీళ్లుగా వాడుకుంటాం. ఆ కాసిన్ని నీళ్లే మా ముగ్గురికీ ఆధారం.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మిష్మిష్ పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. లేచి రెండడుగులు వేసి గోడకు గుద్దుకుంది. అప్పుడు నాకు తోచింది ఏమిటంటే మా ఇంటి నీళ్లకుండ. మా వైపు ఎండాకాలం కుండకు తడి గోనెపట్ట చుడతాం, నీళ్లు మంచులా ఉంటాయి. బియ్యం గోనెసంచి ఒకటి తడిపి మిష్మిష్‌కు మెడనుంచి తోకదాకా చుట్టి, స్నానాలగదిలో పెట్టి తలుపు మూశాను. చల్లబడుతుందని కూర్చున్నాను. పది నిమిషాలకు గోనె మీద చేయి వేస్తే కాలిపోతోంది. కుక్క కళ్లు తేలేసింది.

చిన్నాయన దాన్ని గోనెతో సహా ఎత్తుకున్నాడు. రెండు వీధుల అవతల చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడ పనిచేసే లీలామ్మ అనే మలయాళీ నర్సు నాకు కూరగాయల కొట్టు దగ్గర పరిచయం. మేము పోయేసరికి బల్లలన్నీ నిండి జనం నేలమీద కూర్చున్నారు. కట్లు కట్టుకున్నవాళ్లు, చక్కెర జబ్బుకు మందు దొరకని ముసలివాళ్లు, జ్వరాల పిల్లలు. అందరూ ముందు మా వైపు చూసి, తరువాత గోనెలో ఏముందో చూశారు.

"మనుషులకే దిక్కు లేదు, కుక్కను తెచ్చారా?" అని ఒక అరబ్బు పెద్దాయన అరబ్బీలో కేకేశాడు. ఆయన కాలికి కట్టు ఉంది. ఆయన అన్నది న్యాయమే. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. వెనక్కి పోదామన్నాను. చిన్నాయన కదల్లేదు.

"ప్రాణం పోతుంటే మళ్లీ ఎక్కడికెళ్తామమ్మా? ఆయన తిడితే తిట్టనీ."

లీలామ్మ వచ్చి మమ్మల్ని వెనకవైపు బట్టలుతికే చోటికి తీసుకుపోయింది. ఆమె హిందీ, నా హిందీ, రెండూ అంతంతమాత్రమే. ముందు ఆమె చేసిన పని గోనెను లాగి అవతల పడేయడం.

"కప్పితే లోపలి వేడి బయటికి ఎట్లా వస్తుంది? గాలి లేని గదిలో తడిగుడ్డ కూడా కంబళే. నీళ్లు పోయాలి, గాలి విసరాలి, మళ్లీ పోయాలి. పొట్ట మీద, చంకల్లో, తొడల సందుల్లో. నోట్లో బలవంతంగా పోయొద్దు. దానంతట అది తాగితే తాగనీ."

"ఊళ్లో కుండకు చుడతాం కదా" అన్నాను, ఏదో నా తప్పు లేదన్నట్టు.

"కుండ గాలి తగిలేచోట పెడతారు. స్నానాలగదిలో పెట్టి తలుపేస్తారా?"

చిన్నాయన అట్టముక్క తీసుకుని విసరడం మొదలుపెట్టాడు. కాసేపటికి వాకిట్లో నీడపడింది. ఇందాక కేకేసిన పెద్దాయనే, కుంటుకుంటూ వచ్చి, తన ఫ్లాస్కులో చన్నీళ్లు మూతతో కొలిచి కుక్క పొట్టమీద పోసి వెళ్లిపోయాడు. గంటన్నరకు మిష్మిష్ లేచి నిలబడింది. ఇంత చేస్తే అది మొదట చేసింది చిన్నాయన చెప్పు నాకడం.

సెప్టెంబరు

మనవాళ్లను ఊళ్లకు పంపిస్తున్నారని, పేర్లు రాయించుకోవాలని కబురొచ్చింది. ఒక బడి ఆవరణలో రాస్తున్నారు. ఇద్దరం ఒకేసారి పోతే ఇల్లూ కుక్కా ఏమవుతాయోనని వంతులేసుకున్నాం. ఆ రోజు నా వంతు. పొద్దున ఆరుకు పోయి నిలబడ్డాను. తెచ్చుకున్న సీసాడు నీళ్లు తొమ్మిదికల్లా అయిపోయాయి. వరస వదిలితే మళ్లీ మొదటికొస్తుంది కాబట్టి వదల్లేదు. ఎండలో పుట్టి పెరిగినదాన్ని, మే నెలలో శెనక్కాయ పీకినదాన్ని, ఈ ఎండ నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం దాటాక ఇద్దరి పేర్లూ రాయించి నడుచుకుంటూ వచ్చాను.

ఈ జబ్బు మోసం ఏమిటంటే అది ముందు మనిషి బుద్ధిని పట్టుకుంటుంది. దారిలో నాకు చెమట ఆగిపోయింది. హమ్మయ్య, చల్లబడ్డాను అనుకున్నాను. నా నడక తూలడం నాకు తెలుసు, కానీ నేల వంకరగా ఉందనుకున్నాను. కుక్కకైతే రోజుకు నాలుగుసార్లు పెదవి ఎత్తి చూశాను. నన్ను నేను ఒక్కసారి చూసుకోలేదు.

వంటింటి గడప దాటి పడిపోయాను. పూర్తిగా స్పృహ పోలేదు, పోయినా బాగుండేది. అన్నీ వినబడుతున్నాయి, కనబడుతున్నాయి, నాలుక మాత్రం తిరగడం లేదు. చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో, ఏంటమ్మా ఇలా అయిపోయావ్?"

నేను పడ్డప్పుడు పొడుగు గౌను మోకాళ్లపైకి పోయింది. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గబగబా పోయి దుప్పటి తడుపుకొచ్చి, నా ఒంటికి చేయి తగలకుండా కొసలు పట్టుకుని, గడ్డం దాకా కప్పాడు. వీధికి కనబడకుండా తలుపు మూశాడు. లీలామ్మ చెప్పింది ఆయన నాతోపాటే విన్నాడు. తన చేతులతో చేశాడు కూడా. అంతా తెలిసినవాడే.

కాసేపటికి ఆ దుప్పటి నా ఒంటి వేడికి ఉడుకెక్కింది. లోపల నేను ఉడుకుతున్నాను. తియ్యి చిన్నాయనా అని అరవాలని చూశాను. ఏదో మూలుగు వచ్చింది. కాలితో తన్ని దుప్పటి కిందికి తోశాను. అదొక్కటే నాకు చేతనైంది.

"తప్పమ్మా, కప్పుకో. అలా ఉండకూడదు" అని ఆయన మళ్లీ గడ్డం దాకా లాగాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. రెండోసారి తన్నాను. రెండోసారీ కప్పాడు. మూడోసారి నా కాలు లేవలేదు.

నా పక్కనే బండలమీద మిష్మిష్ రొప్పుతోంది. అప్పుడు ఆయన చేసింది నేను చచ్చేదాకా మరచిపోను. గీజరు నీళ్లు చెంబుతో తెచ్చి కుక్క పొట్టమీద, చంకల్లో పోసి, అట్టముక్కతో విసిరాడు. అచ్చం లీలామ్మ చెప్పినట్టే. ఆ అట్ట గాలి అంచు ఒకటి రెండుసార్లు నా చెంపకు తగిలింది. అంత సుఖం నేను జన్మలో ఎరగను. ఇంకొక్క జానెడు ఇటు తిప్పు అని మనసులో మొక్కుకుంటూ కుక్కను చూస్తూ పడి ఉన్నాను. ఒక ఆడమనిషిని అయినందుకు అంతగా ఏడ్చింది ఆ రోజే. కన్నీళ్లు మాత్రం రాలేదు, ఒంట్లో తడి లేదు.

తరువాత ఆయన లీలామ్మ కోసం పరుగెత్తాడు. దారిలో సైనికులు ఆపారట. పావుగంటలో వచ్చానని ఆయన ఎప్పుడూ అనేవాడు. లీలామ్మ గడియారం ప్రకారం గంట.

ఆమె వచ్చి దుప్పటి లాగేసి, గౌను పైనుంచి కిందికి చించేసి, ఉన్న నీళ్లన్నీ కుమ్మరించింది. విసురుతూనే గుమ్మం బయట ఉన్న ఆయన మీద విరుచుకుపడింది.

"చాచా, కుక్కకు చెప్పినప్పుడు పక్కనే ఉన్నావు కదా. ఈమె కుక్కపాటి చేయదా?"

"ఆడపిల్ల కదమ్మా" అన్నాడు చిన్నాయన తెలుగులోనే. ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

రెండు రోజులు ఆసుపత్రి వరండాలో చాప మీద ఉంచారు. మంచాలు లేవు. పక్క చాపమీది ఒక శ్రీలంక ముసలామె తన తడి చేతిగుడ్డతో నా పాదాలు తుడుస్తూ ఉండేది. ఆమె పేరు కూడా అడగలేకపోయాను, మాట వచ్చేది కాదు. చిన్నాయన దూరంగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మాట వారానికి వచ్చింది, ముద్దముద్దగా. కుడిచేయి వణుకు ఆగలేదు. ఇప్పటికీ ఆగలేదు. ఒకసారి వడదెబ్బ గట్టిగా తగిలిన ఒళ్లు మళ్లీ వేడిని ఓర్చుకోదట. పొయ్యి దగ్గర నిలబడినా నాకు గుండె దడ. ఇంటిపనికి పనికిరాని పనిమనిషిని అయ్యాను. నా గల్ఫ్ అక్కడితో ఖలాస్.

నెలాఖరుకు బస్సులు వచ్చాయి. కుక్కను ఎక్కించనివ్వలేదు. లీలామ్మ ఊరికి పోకుండా ఆసుపత్రిలోనే ఉంటానంది, మిష్మిష్‌ను తన దగ్గర పెట్టుకుంది. చిగుళ్లు చూడటం ఆమెకు నేనే నేర్పాను. తరువాత దాని సంగతి నాకు తెలియదు.

పాస్‌పోర్టు లేకుండా, మన ఎంబసీ వాళ్లు ఇచ్చిన కాగితం మీద ప్రయాణం. ఇరాక్ దాటి, జోర్డాన్ ఎడారిలో గుడారాలు. చిన్నాయన నాకు నీడ కోసం తన పంచె రెండు కర్రలకు కట్టేవాడు, నీళ్ల వరసలో నా వంతు కూడా నిలబడేవాడు. అక్కడ ఒకరోజు అడిగేశాను.

"ఎందుకట్ల చేస్తివి చిన్నాయనా? నేను రెండుసార్లు తన్నితినే."

ఆయన జారిన పంచె కొసను కర్రకు బిగించాడు. "కుక్కకైతే చేసేశానమ్మా. నీకు చెయ్యలేకపోయాను. ఇంట్లో మనిద్దరమే. రేపు మీవోళ్లకి తెలిస్తే నీ కాపురం ఏమైపోద్దోనని భయమేసింది."

"నేను చచ్చిపోయింటే?"

"మరేనమ్మా" అన్నాడు. నాకు ఆయన మీద కోపం పోలేదు. ఆయన పట్టుకొచ్చిన నీళ్లు మాత్రం తాగాను.

కుక్కలున్నవాళ్లకు నేను చెప్పేది పైన చెప్పాను. మనుషులున్నవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. ఎండకు పడిపోయినవాళ్లు ఆడవాళ్లయినా, అత్తగారైనా, ముక్కూమొహం తెలియనివాళ్లయినా, గుడ్డలు వదులు చేసి నీళ్లు పోసి విసరండి, వెంటనే ఆసుపత్రికి పట్టుకుపోండి. మర్యాద తరువాత చూసుకోవచ్చు. ప్రాణం అట్లా కాదు.

అక్టోబరు

బొంబాయి మీదుగా మా ఊరు చేరాను. రెండు రోజులు చూడవచ్చినవాళ్లతో ఇల్లు నిండిపోయింది. అందరికీ యుద్ధం సంగతులు కావాలి. మూడోరోజు ఇల్లు ఖాళీ అయ్యాక మా ఆయనకు అన్నం పెట్టాను. నా చేయి వణికి గరిటెలో పులుసు కంచం అంచున పడింది. ఆయన చేయివైపు చూశాడు. ఏమైందో అడుగుతాడనుకుని, అడగకముందే మొత్తం చెప్పాను, వరస, ఎండ, పడిపోవడం, నర్సు వచ్చేదాకా ఇంట్లో వంటాయన తప్ప ఎవరూ లేకపోవడం. ముద్దముద్దగానే అయినా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

ఆయన అన్నం కలపడం ఆపాడు.

"ఆ వంటాయన నిన్ను తాకినాడా?"

ఇంకేమైనా అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు.

"లేదు" అన్నాను. "ఎవురూ తాకలేదు. అందుకే ఇట్లయినా."

రెండో మాట ఆయన విన్నాడో లేదో తెలియదు. మొదటి మాటకే ముఖం తేటపడింది. కంచం దగ్గరికి లాక్కుని, ఇంకాస్త పులుసు పొయ్యమన్నాడు.